ఆరోదా, ఏడోదా

"మేడమ్, పుస్తకంలో ఆరోది అని ఉంది. ఇక్కడ ఏడోది అని ఉంది. ఏది నమ్మాలి?"

బీఎస్సీ మూడో సంవత్సరం అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది. మాది విశాఖ మన్యంలో ఒక ప్రభుత్వ డిగ్రీ కళాశాల. అక్కడ నేను జువాలజీ చెబుతాను. ఆ అమ్మాయి ఈ ప్రశ్న మార్కుల కోసం అడగలేదు. వాళ్ల తమ్ముడికి సికిల్ సెల్ జబ్బు. పధ్నాలుగేళ్ల పిల్లవాడు. చలికాలం వచ్చిందంటే కీళ్లూ వీపూ పట్టేసి రాత్రంతా ఏడుస్తాడు. కళ్లు పచ్చబడతాయి. రక్తం ఎక్కించాలంటే ఘాటీ దిగి వెళ్లాలి. అమ్మానాన్నలిద్దరి కార్డుల మీద 'ఏఎస్' అని ఉంది, తమ్ముడి కార్డు మీద 'ఎస్‌ఎస్' అని ఉంది. ఈ అమ్మాయిదీ ఏఎస్సే. అంటే జన్యువు ప్రతులు రెండింటిలో ఒకటి మంచిది, ఒకటి మారినది. అలాంటి మనిషికి జబ్బు ఉండదు, కానీ మారిన ప్రతి పిల్లలకు అందవచ్చు.

ఈ పాఠం నేను పదిహేనేళ్లుగా చెబుతున్నాను. హీమోగ్లోబిన్‌లో బీటా గొలుసు ఉంటుంది, అందులో 146 అమైనో ఆమ్లాలు వరసగా గుచ్చి ఉంటాయి, ఆరో చోట గ్లుటామిక్ ఆమ్లం ఉండాల్సింది పోయి వేలీన్ వస్తుంది. గ్లుటామిక్ ఆమ్లానికి ఋణావేశం ఉంటుంది, నీళ్లతో కలుస్తుంది. వేలీన్‌ది నూనె స్వభావం. ఆక్సిజన్ తగ్గినప్పుడు ఈ వేలీన్ పక్క హీమోగ్లోబిన్‌కు అతుక్కుంటుంది, అది ఇంకోదానికి, అలా లోపల పొడవాటి పోగులు పేరుకుని గుండ్రటి కణం కొడవలిలా వంగిపోతుంది. సన్నని రక్తనాళాల్లో ఇరుక్కుంటుంది. ఆ ఇరుక్కున్న చోటే నొప్పి. దీనంతటికీ మూలం జన్యువులో మారిన ఒకే ఒక్క అక్షరం. ఏటా ఈ మాట చెప్పి బోర్డు మీద కొడవలి బొమ్మ వేసేదాన్ని.

ఈసారి ఆ అమ్మాయి చెయ్యెత్తింది. "ఆ అక్షరం ఎక్కడ రాసుంటుంది మేడమ్? చూడొచ్చా?"

చూడొచ్చు. ఎవరైనా చూడొచ్చు, పైసా ఖర్చు లేకుండా. పదిహేనేళ్లలో ఒక్క తరగతికీ నేను దాన్ని చూపించలేదన్న సంగతి ఆ క్షణంలో తట్టింది. మరుసటి మధ్యాహ్నం కంప్యూటర్ గదిలో కూర్చున్నాం. కళాశాల నెట్ నిలవదు కాబట్టి నా ఫోన్ హాట్‌స్పాట్ పెట్టాను. జన్యు క్రమం అంటే వట్టి అక్షరాలే. మనకు కావలసిన జన్యువు మొత్తం దించుకున్నా, పెళ్లి ఫొటో ఒక్కటి పంపడానికి పట్టే డేటాలో వందో వంతు కూడా పట్టదు. కొండ మీద సిగ్నల్‌కు సరిపోయే విద్య ఇది.

ఈ అక్షరాలు అందరికీ తెరిచి పెట్టాలన్న పట్టుదల వెనక ఒక పెద్ద మనిషి ఉన్నారు. అమెరికాకు చెందిన మార్గరెట్ డేహాఫ్. 1965లో, అప్పటికి క్రమం తెలిసిన ప్రోటీన్లన్నీ సేకరించి ఆమె ఒక పుస్తకంగా అచ్చు వేయించారు. ఆ పుస్తకంలో ఉన్నవి 65 ప్రోటీన్లు. అమైనో ఆమ్లాలకు ఇవాళ మనం వాడే ఒంటి అక్షరం పేర్లు ఆమె పెట్టినవే. అచ్చు పుస్తకం పట్టలేని రోజులు తర్వాత వచ్చాయి. 1982లో అమెరికాలో జెన్‌బ్యాంక్ మొదలైంది. ఐరోపావాళ్లది ఒకటి, జపాన్‌వాళ్లది ఒకటి కూడా ఉన్నాయి. ఈ మూడూ రోజూ తమ సరుకు ఒకదానితో ఒకటి పంచుకుంటాయి, కాబట్టి ఎక్కడ వెతికినా దొరికేది ఒకటే. ప్రపంచంలో ఏ పరిశోధకుడైనా తాను చదివిన క్రమాన్ని అందులో జమచేసి ఒక నంబరు తీసుకుంటాడు. ఆ నంబరు లేకుండా పరిశోధన పత్రాన్ని అచ్చు వేసుకోవడానికి పత్రికలు ఒప్పుకోవు. ఈ ఒక్క నియమమే లేకపోతే, ఆ అమ్మాయి ప్రశ్నకు మన్యంలో కూర్చుని నేను జవాబు చెప్పగలిగేదాన్ని కాదు.

బీటా గొలుసు జన్యువు పేరు హెచ్‌బీబీ. వెతుకుడు పెట్టెలో ఆ మూడు అక్షరాలు కొడితే వేలల్లో ఫలితాలు వచ్చిపడ్డాయి. ఎలుకది, ఆవుది, కోడిది, మనిషిదే ముక్కలు ముక్కలుగా ఎందరో జమచేసినవి. పిల్లలు బిత్తరపోయారు. పక్కనే 'హోమో సేపియన్స్' అని చేర్చాం. అయినా వందల్లో ఉన్నాయి. ఇక్కడే మొదటి మెలకువ. జెన్‌బ్యాంక్ అందరూ తెచ్చి పోసే గాదె. అందులో తాలూ ఉంటుంది, రాళ్లూ ఉంటాయి. దాన్ని చెరిగి, ఒక్కో జన్యువుకు ప్రామాణికమైన ప్రతి ఒకటి తయారుచేసి పెట్టే సంకలనం వేరే ఉంది. దాని పేరు రెఫ్‌సెక్. అందులో నంబరు మొదటి రెండు అక్షరాలే సగం కథ చెబుతాయి. 'ఎన్‌ఎమ్' అంటే ప్రోటీన్ తయారీకి వెళ్లే ఆర్‌ఎన్‌ఏ ప్రతి. 'ఎక్స్‌ఎమ్' అంటే కంప్యూటర్ ఊహించి రాసిన ప్రతి, ఇంకా మనుషులు సరిచూడనిది. 'ఎన్‌పీ' అంటే ప్రోటీన్. మాకు కావలసింది ఎన్‌ఎమ్_000518.5. చివర చుక్క తర్వాత ఉన్న 5 చాలా ముఖ్యం. ఇది అయిదో కూర్పు అని అర్థం. రేపు ఎవరైనా సవరిస్తే 6 అవుతుంది, కానీ పాత కూర్పు కూడా భద్రంగానే ఉంటుంది. నోటు పుస్తకంలో నంబరు రాసుకునేటప్పుడు ఆ చుక్కా ఆ అంకె కూడా రాసుకోమని పిల్లలకు గట్టిగా చెప్పాను.

పేజీ తెరిస్తే పైన కాగితాల తంతు. ఏ జీవి, ఎన్ని అక్షరాలు, ఎవరు ఏ పత్రంలో ప్రకటించారు, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ప్రోటీన్‌కు సంకేతం. మొత్తం 628 అక్షరాలు. అందులో ప్రోటీన్‌ను రాసే భాగం 51 నుంచి 494 దాకా. అట్టడుగున అసలు అక్షరాలు. వరసకు 60, పదేసి అక్షరాల గుంపులుగా విడగొట్టి, ఎడమ పక్కన అంకె వేసి ఉంటాయి.

"ఆర్‌ఎన్‌ఏ అయితే యూ ఉండాలిగా మేడమ్, ఇక్కడ టీ ఉందేంటి?" అన్నాడు ఒక కుర్రాడు. మంచి ప్రశ్న. డేటాబేస్‌లో అన్నింటినీ డీఎన్‌ఏ అక్షరాల్లోనే రాస్తారు. పుస్తకంలో జీయూజీ అని ఉన్నది అక్కడ జీటీజీగా కనిపిస్తుంది. అదొక లేఖన సంప్రదాయం, అంతే.

మొదటి వరసలో ఆరో గుంపు ఏటీజీతో మొదలవుతుంది. అదే 51వ అక్షరం, ప్రోటీన్ రాత మొదలయ్యే చోటు. అక్కడి నుంచి వేలు పెట్టి మూడేసి చదివించాను. ఏటీజీ, జీటీజీ, సీఏటీ, సీటీజీ, ఏసీటీ, సీసీటీ, జీఏజీ. అమ్మాయి ఆగింది. జీఏజీ అంటే గ్లుటామిక్ ఆమ్లం. మధ్యలో ఉన్న ఏ, టీగా మారితే జీటీజీ, అంటే వేలీన్. వాళ్ల తమ్ముడి జబ్బు ఆ ఒక్క అక్షరం. రెండో వరసలో మొదటి గుంపు చివరి అక్షరం అది, మొత్తంలో 70వది. చిత్రమేమిటంటే గుంపులు పదేసి కాబట్టి ఆ జీఏజీ రెండు ముక్కలయి ఉంటుంది. 'జీఏ' ఒక గుంపు చివర, 'జీ' తర్వాతి గుంపు మొదట. ఊరికే కళ్లతో వెతికితే దొరకదు. మొదలు ఎక్కడో తెలిసి లెక్కపెట్టినవాళ్లకే దొరుకుతుంది.

ఆమె తెర మీద ఆ అక్షరం దగ్గర వేలు పెట్టి కాసేపు అలాగే ఉంది. తర్వాత మళ్లీ మొదటి నుంచి వేళ్ల మీద లెక్కపెట్టింది. అప్పుడు అడిగింది, ఆరోదా ఏడోదా అని. ఆమె లెక్కలో అది ఏడోది. కుడి పక్కన డేటాబేస్ ఇచ్చిన పేరులోనూ 'గ్లూ7వాల్' అనే ఉంది, అంటే ఏడో చోట గ్లుటామిక్ ఆమ్లం పోయి వేలీన్.

రెండూ నిజమే. జన్యువులో రాత ఏటీజీతో మొదలవుతుంది, దాని అర్థం మెథియోనిన్. ప్రోటీన్ తయారవుతుండగానే కణం ఆ మెథియోనిన్‌ను కత్తిరించి పారేస్తుంది. రక్తంలో తిరిగే హీమోగ్లోబిన్‌లో మొదటిది వేలీన్, రెండోది హిస్టిడిన్, అలా లెక్కపెడితే గ్లుటామిక్ ఆమ్లం ఆరోది. 1956, 57లలో కేంబ్రిడ్జిలో వెర్నన్ ఇన్‌గ్రామ్ ఈ తేడాను పట్టుకున్నప్పుడు డీఎన్‌ఏను చదివే పద్ధతే లేదు. ఆయన చేతిలో ఉన్నది రక్తం నుంచి తీసిన ప్రోటీన్. దాన్ని ముక్కలు చేసి, కాగితం మీద పరిచి, మచ్చలు పోల్చి చూశారు. అందుకే పాతకాలం వాళ్ల లెక్క కణం కత్తిరించి వదిలిన చోట మొదలవుతుంది. జన్యువులను నేరుగా చదవడం వచ్చాక లెక్క ఏటీజీ నుంచి మొదలుపెట్టాలని అందరూ ఒప్పందానికి వచ్చారు. వైద్యులు ఇప్పటికీ ఆరు అంటారు. డేటాబేస్ ఏడు అంటుంది. ఆసుపత్రి కాగితమూ కంప్యూటర్ తెరా పక్కపక్కన పెట్టి చదివేవాళ్లకు ఇది తెలియకపోతే, ఒకే మార్పును రెండు వేర్వేరు జబ్బులనుకునే ప్రమాదం ఉంది.

"కానీ ఇక్కడ మంచిదే ఉంది కదా మేడమ్. జబ్బుది ఏదీ?"

ఇది ఇంకా లోతైన ప్రశ్న. డేటాబేస్‌లో ఉన్నది ఎవరి రక్తం? ప్రపంచమంతా పోలికకు వాడే మానవ జన్యు పటం, చాలా భాగం, 1997లో అమెరికాలోని బఫెలో నగరంలో పత్రికా ప్రకటన చూసి రక్తం ఇచ్చినవాళ్లది. అందులోనూ దాదాపు 70 శాతం ఒకే ఒక్క మనిషిది. వాళ్ల పేర్లు రహస్యం. ఆ పటం ఆరోగ్యానికి కొలబద్ద కాదు, పోల్చి చూసుకోవడానికి పెట్టుకున్న ఒక ప్రతి మాత్రమే. మన రక్తంలో ఏముందో దానితో పోల్చి, తేడాలు రాసుకుంటారు. ఆ తేడాల జాబితాలు వేరే డేటాబేస్‌లలో ఉంటాయి. సికిల్ సెల్ తేడాకు అక్కడ ఉన్న నంబరు ఆర్‌ఎస్334. ఇవాళ అలాంటి నంబర్లు వంద కోట్లు దాటాయి. వాటిలో బాగా చిన్నవీ పాతవీ అయిన నంబర్లలో ఇదొకటి.

ఆ రాత్రి ఇంట్లో నేనొక్కదాన్నే ఈ ఆర్‌ఎస్334ను క్రోమోజోము పటం మీద వెతికాను. 11వ క్రోమోజోములో దాని చిరునామా 52,27,002. అక్కడ ఉన్న అక్షరం చూసి ఉలిక్కిపడ్డాను. ఏ ఉండాల్సిన చోట టీ ఉంది. ఏ పోయి టీ రావడమే సికిల్ సెల్ కదా! అంటే పటం కోసం రక్తం ఇచ్చిన మనిషికి సికిల్ సెల్ లక్షణం ఉందన్నమాట అని అర్థం చేసుకున్నాను. పొద్దున్నే తరగతికి వెళ్లి ఉత్సాహంగా అదే చెప్పాను కూడా.

సాయంత్రానికి తప్పు తెలిసింది. డీఎన్‌ఏకు రెండు పోగులు. ఒకదాని మీద ఏ ఉంటే ఎదురుగా టీ, జీ ఉంటే ఎదురుగా సీ. పటంలో ఎప్పుడూ ఒక పోగునే రాస్తారు, ఒకే దిశలో. కానీ జన్యువులు రెండు పోగుల మీదా ఉంటాయి. హెచ్‌బీబీ ఉన్నది పటంలో రాయని పోగు మీద, ఎదురు దిశలో. అందుకని జీఏజీ అక్కడ సీటీసీగా కనిపిస్తుంది. నేను చూసిన టీ, ఆరోగ్యంగా ఉన్న ఏకు ఎదుటి అక్షరం. పటం మీద సికిల్ సెల్ మార్పు కనబడేది ఏగా. నేను చదివింది సరిగ్గా తలకిందులు. మరునాడు తరగతిలో నిలబడి తప్పు చెప్పానని ఒప్పుకుని, బోర్డు మీద రెండు పోగులూ గీసి మళ్లీ చెప్పాను. ఇదే పొరపాటు ఒక కుటుంబం చేతికిచ్చే కాగితం మీద జరిగి ఉంటే అన్న ఆలోచన నన్ను చాలా రోజులు వదల్లేదు. జబ్బు లేనివాడికి ఉందనీ, ఉన్నవాడికి లేదనీ రాసేయడానికి, అక్షరం తప్పక్కర్లేదు. చదివే దిశ తప్పితే చాలు.

పైగా ఆ చిరునామా కూడా శాశ్వతం కాదు. పాత పటంలో అదే అక్షరం చిరునామా 52,48,232. మధ్యలో ఖాళీలు పూడ్చి, తప్పులు దిద్ది కొత్త కూర్పు వేసినప్పుడు ఇంటి నంబర్లన్నీ మారాయి. ఇప్పటికీ రెండు పటాలూ వాడుకలో ఉన్నాయి. చిరునామా రాసినవాళ్లు ఏ పటమో రాయకపోతే ఆ చిరునామాకు విలువ లేదు.

తర్వాతి వారం పిల్లలకు బ్లాస్ట్ చూపించాను. 1990లో వచ్చిన ఈ పనిముట్టు లేకుండా ఇవాళ ఏ జీవశాస్త్ర ప్రయోగశాలా నడవదు. పేరు తెలియని అక్షరాల ముక్క ఒకటి చేతిలో ఉంటే దాన్ని అతికిస్తాం. కోట్ల క్రమాల్లో దానితో పోలేవి ఎక్కడెక్కడున్నాయో అది వెతికి పెడుతుంది. ఎంత పోలిందో శాతంతో పాటు ఇంకో అంకె కూడా ఇస్తుంది. దాన్ని ఈ-విలువ అంటారు. ఇంత పెద్ద రాశిలో ఇంత పోలిక వట్టి యాదృచ్ఛికంగానే ఎన్ని దొరకవచ్చో చెప్పే అంచనా అది. సున్నాకు ఎంత దగ్గరైతే పోలికను అంత నమ్మవచ్చు.

దీన్ని లెక్కవేసి చూపిస్తేగాని పిల్లలకు పట్టదనిపించింది. నాలుగు అక్షరాలతో ఎనిమిది అక్షరాల మాటలు ఎన్ని చేయవచ్చు? 65,536. మనిషి జన్యు రాశి సుమారు 310 కోట్ల అక్షరాలు. కాబట్టి ఏ ఎనిమిది అక్షరాల మాటైనా అందులో ఊరికే 47 వేల సార్లు పడుతుంది. పదహారు అక్షరాలకు వచ్చేసరికి సాధ్యమైన మాటలు 429 కోట్లు. ఇక యాదృచ్ఛికంగా సగటున ఒక్కసారి కూడా పడదు. అందుకే పొట్టి ముక్క దొరికిందని సంబరపడకూడదు.

అమ్మాయి ఈ లెక్క విని తన నోట్సులోంచి మొదటి ఎనిమిది సంకేతాలు, అంటే 24 అక్షరాలు అతికించింది. ఏటీజీ నుంచి రెండో జీఏజీ దాకా. లెక్క ప్రకారం మనిషిలో ఒక్క చోటే దొరకాలి. రెండు చోట్ల దొరికింది, రెండూ నూటికి నూరు శాతం. ఒకటి హెచ్‌బీబీ, ఇంకోటి హెచ్‌బీడీ.

నాకు ఆ క్షణం ఎంతో ఇష్టం. లెక్క తప్పలేదు, అది యాదృచ్ఛికం కానే కాదు. చుట్టరికం. ఎన్నో కోట్ల ఏళ్ల కిందట ఒకే జన్యువు రెండు ప్రతులై, పక్కపక్కనే ఉండి, మెల్లగా వేరుపడ్డాయి. హెచ్‌బీడీ డెల్టా గొలుసును చేస్తుంది. పెద్దవాళ్ల రక్తంలో దాని వాటా నూటికి రెండు మూడు వంతులు మాత్రమే. 146 అమైనో ఆమ్లాల్లో బీటాకూ దానికీ తేడా పదింటిలోనే. ఆ రెండూ విడిపోయే మొదటి చోటు దగ్గరలోనే ఉంది. పదో సంకేతం హెచ్‌బీబీలో టీసీటీ, హెచ్‌బీడీలో ఏసీటీ. ఆమె ఇంకో రెండు సంకేతాలు కలిపి అతికించి ఉంటే తేడా కనిపించేది. చింపాంజీ బీటా గొలుసును మనదానితో పోల్చి చూశాం. ఒక్క తేడా కూడా లేదు. గొరిల్లాకు ఒక్కటే తేడా. పిల్లలు కాసేపు గోలగోలగా నవ్వుకున్నారు, తర్వాత గది నిశ్శబ్దమైంది.

అక్షరం దొరికింది, దాని చుట్టాలూ దొరికారు. ఇక అర్థం. ఒక మార్పు జబ్బు తెస్తుందా లేదా అన్నది క్లిన్‌వార్ అనే డేటాబేస్‌లో చూస్తారు. ప్రయోగశాలలు, వైద్యులు తమ తీర్పులను అక్కడ జమచేస్తారు. జబ్బుకు కారణం, బహుశా కారణం, తెలియదు, బహుశా హానిలేనిది, హానిలేనిది అని అయిదు గడులు. ఆ తీర్పును ఎంతమంది, ఎంత జాగ్రత్తగా పరిశీలించారో చెప్పడానికి పక్కన నక్షత్రాలు కూడా వేస్తారు. ఆర్‌ఎస్334 గురించి ఎవరికీ సందేహం లేదు. కానీ ఈ డేటాబేస్‌లో మధ్య గడి, 'తెలియదు' అన్నది, కిక్కిరిసి ఉంటుంది. మనవాళ్ల విషయంలో అది మరీ ఎక్కువ. ఒక మార్పు అరుదైనదా మామూలుదా అని తేల్చాలంటే, ఆ జనంలో చాలామందిని చదివి ఉండాలి. చాలాకాలం చదివింది ఐరోపా మూలాలవాళ్లనే. అక్కడ కనబడని మార్పు మన దగ్గర ఇంటింటా ఉండవచ్చు.

దీనికి మంచి ఉదాహరణ హైదరాబాద్ నుంచే ఉంది. గుండె కండరానికి సంబంధించిన ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు లేకపోవడం దక్షిణాసియావాళ్లలో సుమారు 4 శాతం మందిలో ఉందని, గుండె జబ్బుతో దానికి సంబంధం ఉందని అక్కడి సీసీఎంబీ పరిశోధన సంస్థకు చెందిన తంగరాజ్ బృందం మరికొందరితో కలిసి 2009లో ప్రకటించింది. కోట్లమంది సంగతి ఇది. మిగతా ఖండాల్లో దాదాపు కనిపించదు. ఆ తర్వాత జరిగిన పరిశోధనల్లో, ఆ 25 అక్షరాల లోపం ఒక్కటే కారణమా, లేక దానితో పాటు వచ్చే మరో మార్పు కూడా ఉంటేనే ప్రమాదం పెరుగుతుందా అన్న చర్చ లేచింది. ఒక తీర్పు నిలబడటానికి ఏళ్లు పడుతుంది. అందుకే మన జనాన్ని మనం చదవడం నాకు జాతీయ రహదారులంత అవసరంగా కనిపిస్తుంది. ఇండిజెన్ పేరుతో వెయ్యి మందికి పైగా భారతీయుల జన్యువులను చదివారు. జీనోమ్ఇండియా పదివేల మందిని చదివింది. ఆ రాశి ఫరీదాబాద్‌లోని భారత జీవ సమాచార కేంద్రంలో ఉంది. మన మన్యం తెగలవాళ్లు అందులో ఎందరు, ఎవరెవరు అన్నది చదివే ప్రతివాళ్లూ అడగాల్సిన ప్రశ్న.

సికిల్ సెల్ మన దేశంలో మొదట కనబడింది 1952లో, నీలగిరుల్లో. ఆదివాసీ ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్లు ఏడు కోట్లమందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును తుడిచిపెట్టాలని కేంద్రం 2023 జులైలో పథకం మొదలుపెట్టింది. మా పిల్లల చేతుల్లో ఉన్న కార్డులు అలాంటి పరీక్షలవే. కానీ కార్డు మీద ఉండేది రెండు అక్షరాలు. ఒకే ఎస్‌ఎస్ ఉన్న ఇద్దరు పిల్లల్లో ఒకడు నెలకోసారి ఆసుపత్రిలో ఉంటాడు, ఒకడు ఫుట్‌బాల్ ఆడతాడు. ఎందుకు?

జవాబుకు 11వ క్రోమోజోము మీద ఇంకాస్త దూరం జరగాలి. హెచ్‌బీబీకి పక్కన హెచ్‌బీడీ, దాని అవతల హెచ్‌బీజీ1, హెచ్‌బీజీ2 అని రెండు జన్యువులు. ఈ రెండూ తల్లి కడుపులో ఉన్నప్పటి హీమోగ్లోబిన్‌ను తయారుచేస్తాయి. పుట్టిన కొన్ని నెలలకు అవి దాదాపు మూతపడి, హెచ్‌బీబీ పని అందుకుంటుంది. సికిల్ సెల్ పిల్లలకు పుట్టగానే కష్టం రాకపోవడానికి కారణం అదే. 1948లోనే న్యూయార్క్‌లో జానెట్ వాట్సన్ అనే పిల్లల వైద్యురాలు దీన్ని గమనించారు. కొందరిలో ఆ కడుపులోనాటి హీమోగ్లోబిన్ పెద్దయ్యాకా చాలినంత మిగిలి ఉంటుంది, అది సికిల్ పోగులు పేరుకోనివ్వదు. మన దేశంలోనూ, సౌదీ అరేబియా తూర్పు భాగంలోనూ కనిపించే సికిల్ జన్యువు వెంట, హెచ్‌బీజీ2 మొదలయ్యే చోటికి 158 అక్షరాల ముందు ఒక సీ, టీగా మారి ఉంటుంది. ఆ మార్పు నంబరు ఆర్‌ఎస్7482144. అది ఉన్నవాళ్లలో కడుపులోనాటి హీమోగ్లోబిన్ ఎక్కువ. 1986లో పక్కనే ఉన్న ఒడిశా రోగుల గురించి వచ్చిన పత్రంలో, వాళ్లకు జబ్బు ఆఫ్రికా మూలాలవాళ్లకన్నా తేలికగా నడుస్తోందని రాశారు. అలాగని మనవాళ్లందరికీ తేలిక అనుకోవడానికి లేదు. నాగపూర్ వైపు తీవ్రంగా బాధపడే పిల్లలు చాలామంది ఉన్నారు.

"ఆ అక్షరం దిద్దేయలేరా మేడమ్?" అని అడిగింది ఆ అమ్మాయి. 2023 చివర్లో బ్రిటన్, అమెరికా అనుమతించిన జన్యు చికిత్స ఒకటి ఉంది, పేరు కాస్‌జెవీ. అది అసలు ఆ అక్షరం జోలికే పోదు. రెండో క్రోమోజోము మీద బీసీఎల్11ఏ అనే జన్యువు ఉంది, కడుపులోనాటి హీమోగ్లోబిన్‌కు మూత పెట్టేది అదే. రక్తకణాలు పుట్టే చోట ఆ జన్యువును నడిపించే చిన్న ముక్కను కత్తిరిస్తారు, మూత తెరుచుకుంటుంది. వేలమంది జన్యువులను పక్కపక్కన పెట్టి పోల్చుకోబట్టే ఆ చోటు దొరికింది. అమెరికాలో ఈ చికిత్స ధర 22 లక్షల డాలర్లు. ఆ అంకె చెప్పేటప్పుడు నేను ఆమె ముఖంలోకి చూడలేకపోయాను.

ఆమె మాత్రం ఆర్‌ఎస్7482144 అని నోటు పుస్తకంలో రాసుకుంది. "మా తమ్ముడికి ఆ చోట ఏముందో ఇందులో ఉంటుందా?" అని అడిగింది. ఉండదు. వాడి రక్తాన్ని ఎవరూ అక్షరాల దాకా చదవలేదు. కానీ కార్డు ఇచ్చేముందు ఆసుపత్రిలో హీమోగ్లోబిన్ రకాలను విడదీసి చూసే పరీక్ష చేసి ఉంటారు, ఆ కాగితం ఇంట్లో ఉంటే తెమ్మన్నాను.

సోమవారం తెచ్చింది. నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడతల దగ్గర చిరుగు పట్టింది. మూడేళ్ల కిందటిది, మందులు మొదలుపెట్టకముందుది. ఆ ఇంట్లో దాన్ని చదివినవాళ్లు లేరు, ఎస్ పక్కన గుండ్రం చుట్టి ఉన్న అంకె తప్ప. ఆమె వేలు దాని పై వరస మీద ఆగింది. హెచ్‌బీ ఎఫ్, 18 శాతం.

"ఇది కడుపులోనాటిదేనా మేడమ్?"

"అదేనమ్మా. ఈసారి వెళ్లినప్పుడు డాక్టరుగారికి ఈ వరస చూపించు."